అద్దెకున్నవాళ్లకే ఫ్లాట్ అమ్మాలా? ముందు వాళ్ల లోన్ సంగతి తేల్చుకోండి

అద్దెకున్నవాళ్లు నెలనెలా కొంత ఎక్కువ కడతాం, అది ధరలో తగ్గించుకుని మూడేళ్లకు ఫ్లాట్ రాసివ్వమంటున్నారు, ఒప్పుకోవచ్చా అని అడిగారు. మియాపూర్‌లో మా ఫ్లాట్ ఇలాగే అమ్మాం, రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది. వాళ్లు మంచివాళ్లో కాదో మీకు తెలిసే ఉంటుంది. గడువు నాటికి వాళ్లకు బ్యాంకు లోన్ వస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

ధర 60 లక్షలనుకోండి. 30 నుంచి 75 లక్షల లోపు హోమ్ లోన్లకు రిజర్వ్ బ్యాంక్ పెట్టిన హద్దు ఆస్తి విలువలో 80 శాతం, అంటే 48 లక్షలు. మిగతా 12 లక్షలు వాళ్లే తెచ్చుకోవాలి. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం లెక్కన ఇంకో నాలుగున్నర లక్షలు. నెలకు 10 వేలు అదనంగా కట్టినా మూడేళ్లకు పోగయ్యేది 3.6 లక్షలే! మిగిలింది ఎక్కడినుంచి తెస్తారో మొహమాటపడకుండా అడగండి. మా దగ్గర ఉన్నాయన ఊళ్లో స్థలం అమ్ముతానని కాగితాలు చూపించాడు. ఆయనది సొంత వ్యాపారం, ఐటీ రిటర్నులు లేక లోన్ ఆగింది. రిటర్నులు వేయడం మొదలుపెట్టాకే మేం సంతకాలు చేశాం.

ధర ఇప్పుడే ఖాయం చేస్తే, రేపు రేట్లు పెరిగినా ఆ ధరకే ఇవ్వాలి. ఒప్పందాల అమలుకు సంబంధించిన స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత సేల్ అగ్రిమెంట్‌ను అమలు చేయమని కోర్టు ఆదేశించడం మరింత సులువైంది. పిల్లలకు ఉంచుదామనే ఆలోచన ఏ మూలనున్నా వద్దని చెప్పేయండి.

అద్దె అగ్రిమెంట్, సేల్ అగ్రిమెంట్ విడివిడిగా రాయించండి. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా అద్దెదారులుగానే ఉంటారని స్పష్టంగా ఉండాలి. స్వాధీనం ఇచ్చినట్టు రాస్తే అమ్మకానికి కట్టినంత స్టాంప్ డ్యూటీ పడుతుంది, మీకు క్యాపిటల్ గెయిన్స్ పన్ను (అమ్మకంలో వచ్చిన లాభం మీద పన్ను) కూడా అప్పుడే రావచ్చు. ఈ ఒక్క వాక్యం కోసమైనా లాయర్ దగ్గరికి వెళ్లండి. అదనపు సొమ్ము బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఆస్తి అడ్వాన్సు 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు.

వాళ్లు కొనలేకపోతే ఆ సొమ్ము తిరిగి ఇస్తామని మేం రాసిచ్చాం. ఒకరు ఇంటికోసం కూడబెట్టుకున్నది ఉంచేసుకోవడం నాకు న్యాయమనిపించలేదు. మీరూ అలాగే రాయండి. ఫ్లాట్ మీద మీ లోన్ ఇంకా ఉంటే ఆ సంగతి సంతకాలకు ముందే వాళ్లకు చెప్పండి.