బైపాస్ మా కాలనీ మీదుగా వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా కాలనీలో 60 ఇళ్లున్నాయి. కొత్త జాతీయ రహదారి బైపాస్ మా ప్లాట్ల మీదుగా పోతుందని పేపర్లో ప్రకటన పడింది. అందరం సంతకాలు చేసి కలెక్టర్ గారికి వినతిపత్రం ఇచ్చాం, ధర్నా కూడా చేశాం. ఇది సరిపోతుందాండీ?
- ఒక పాఠకుడు, యాదాద్రి భువనగిరి జిల్లా

జవాబు: సరిపోదండీ. ధర్నా చేయండి, కానీ 1956 నాటి జాతీయ రహదారుల చట్టంలో లెక్కకొచ్చేది సెక్షన్ 3సీ కింద రాతపూర్వకంగా ఇచ్చే అభ్యంతరం. దానికి గడువు 21 రోజులే. ఆ రోజులు చట్టం ప్రకారం 3ఏ నోటిఫికేషన్ (భూమి తీసుకోబోతున్నామనే మొదటి ప్రకటన) గెజిట్‌లో వచ్చిన తేదీ నుంచి మొదలవుతాయి. పేపర్లో పడేసరికే కొన్ని గడిచిపోయి ఉండొచ్చు. ముందు గెజిట్ తేదీ చూసుకోండి. ప్రకటనలో 'కాంపిటెంట్ అథారిటీ' (ఈ భూసేకరణ చూసే అధికారి) అని ఎవరి పేరుంటే ఆ అధికారికే ఇవ్వాలి. కలెక్టరేట్ ఇన్‌వార్డులో పడేసి ఊరుకుంటే అది చేరాల్సిన చోటికి చేరకపోవచ్చు.

60 మందీ ఒకే కాగితం మీద సంతకం పెట్టకండి. ఇంటింటికీ విడిగా రాయండి: గెజిట్‌లో ఉన్నట్టే సర్వే నంబరు, బై నంబరు (214/ఆ లాగా), పోతున్న విస్తీర్ణం. అందులో కొలత హెక్టార్లలో ఉంటుంది. 200 గజాల ప్లాటంటే 0.0167 హెక్టారు. చాలా కాలనీల్లో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. వెంచర్ వేసినా రెవెన్యూ రికార్డులో పాత పట్టాదారు పేరే మిగిలిపోతుంది. తర్వాత భూమి తీసుకున్నట్టు వచ్చే 3డీ ప్రకటనలో ఆయన పేరే వచ్చి, పరిహారం దగ్గర గొడవ మొదలవుతుంది. అందుకే సేల్ డీడ్, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదు జిరాక్సులు ఇప్పుడే జత చేయండి.

'పరిహారం చాలదు' అని ఇందులో రాయకండి. అది తర్వాత పరిహారం తేల్చే 3జీ దశలో అడగాల్సింది. ఈ భూమి రోడ్డుకు ఎందుకు వద్దో, ఇంకే దారి ఉందో రాయండి. గ్రామ నక్షా తీసుకుని ఇళ్లు, బడి, చెరువు గుర్తించి, ప్రత్యామ్నాయ మార్గం సర్వే నంబర్లతో ఎర్ర గీతగా గీసి పెట్టండి. 'నన్ను స్వయంగా విచారణకు పిలవాలి' అనే వాక్యం తప్పకుండా ఉండాలి. పిలవడం చట్టం ప్రకారం ఆ అధికారి బాధ్యత. పిలవకుండా తోసిపుచ్చితే హైకోర్టులో రిట్ వేయడానికి అదే గట్టి ఆధారం. రెండో ప్రతి మీద తేదీతో ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి, స్పీడ్ పోస్టులోనూ పంపండి.

పరిశీలించిన మిగతా అలైన్‌మెంట్లు (రోడ్డు మార్గాలు), ట్రాఫిక్ సర్వే కావాలని 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో ఆర్టీఐ వేయండి. జవాబుకు 30 రోజులు పడుతుంది, మీ గడువేమో 21. దానికోసం ఆగకండి. అభ్యంతరం ఇచ్చేసి, ఆ కాగితాలు వచ్చాక విచారణలో చూపించండి.