ఎండాకాలంలో మేపుడు ఆవులు ఎముకలు కొరుకుతుంటే

ప్రశ్న: మాకు ఐదు ఆవులున్నాయి. పగలంతా బీళ్లలో మేస్తాయి, రాత్రికి వేరుశనగ కట్టె వేస్తాం. కొంత వరిగడ్డి కూడా కొన్నాం. ఎండలు ముదిరాక బక్కచిక్కాయి. ఎముకలు, పాత చెప్పులు కొరుకుతున్నాయి. రెండు ఎదకు రావడం లేదు. కాల్షియం లోపమని నాలుగు సీసాలు తాగించాం. షాపులో ఎద ఇంజెక్షన్ వేయించమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక రైతు, కళ్యాణదుర్గం

జవాబు: ఇది కాల్షియం లోపం కాదు. మీరు వేసే వేరుశనగ కట్టెలోనే కాల్షియం బాగా ఉంటుంది. తక్కువైంది భాస్వరం (ఫాస్ఫరస్). ఎండిన బీటి గడ్డిలో అదీ లేదు, మాంసకృత్తులూ లేవు. ఎముకను దవడకు వేసుకుని, చొంగ కారుస్తూ అదేపనిగా నమిలే ఆవు ఆ భాస్వరం కోసమే తంటాలు పడుతోంది. కళేబరాల ఎముకలు నమిలితే బొట్యులిజం (కుళ్లిన కళేబరాల్లో పుట్టే విషంతో వచ్చే జబ్బు) వచ్చి, కాళ్లు పడిపోయి చనిపోయే ప్రమాదం ఉంది. కనబడిన ఎముకలన్నీ ఏరి లోతుగా పూడ్చండి.

ఇవాళ్టి నుంచే ఒక్కో ఆవుకు రోజుకు మినరల్ మిక్చర్ (ఖనిజ లవణాల పొడి) 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు ఇవ్వండి. వీటిని కిలో తవుడు, అరకిలో వేరుశనగ చెక్కలో కలిపి సాయంత్రం మేతనుంచి రాగానే పెట్టండి. తవుడులో భాస్వరం ఎక్కువ. పాలిచ్చే ఆవుకు ప్రతి రెండున్నర లీటర్లకు మరో కిలో దాణా, చూడి ఆవుకు చివరి రెండు నెలలు అదనంగా కిలో వేయాలి. ఐదు ఆవులకు నెలకు ఏడున్నర కిలోల మిక్చర్ చాలు. ఐ.ఎస్.ఐ. ముద్ర చూసి కొనండి. సంచి మీద భాస్వరం ఎంత శాతమో చదవండి. తాగించిన సీసాల మీద ఆ అంకె ఎప్పుడైనా చూశారా? కౌంటర్ వెనక కూర్చున్న మనిషి మీ ఆవును చూడలేదు, మీ జేబును చూశాడు!

ఎద ఇంజెక్షన్ ఇప్పుడు దండగ. ఒంట్లో సత్తువ లేని పశువు సూది వేసినంత మాత్రాన ఎదకొచ్చి చూడి నిలవదు. ముందు తిండి సరిచేయండి. పేడ పరీక్ష చేయించి, పురుగులుంటేనే మందు తాగించండి. రెండు మూడు నెలల తర్వాత కూడా ఎదకు రాకపోతే డాక్టరుతో గర్భకోశం చూపించండి.

వరిగడ్డిని ఊరికే వేయకండి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గట్టిగా తొక్కి, గాలి చొరకుండా టార్పాలిన్ కప్పి 21 రోజులు ఉంచండి. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి, మొదటి వారం మామూలు మేతలో కొద్దికొద్దిగా కలిపి అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియా నీళ్ల బకెట్‌ను పశువుల దరిదాపుల్లో పెట్టొద్దు. తాగితే గంటల్లోనే ప్రాణం పోతుంది.

పొద్దున పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాతే మేతకు తోలండి. మధ్యలో నీడ, తాగినన్ని నీళ్లు ఉండాలి. వానలకు ముందే గొంతువాపు టీకా వేయించండి.