ఫైటింగ్ గేమ్ గ్యాంగ్‌లో రోజూ నన్ను ఆటపట్టిస్తున్నారు. సరదాకేనా, నిజంగానే చులకన చేస్తున్నారా?

స్ట్రీట్ ఫైటర్ 6 ఆడే లోకల్ గ్రూపులో చేరి నెలైందని, ఇంతవరకు ఒక్క సెట్ (కొన్ని మ్యాచ్‌లు కలిపిన పోటీ) కూడా గెలవలేదని, మొన్న ఒకతను "మీ తమ్ముణ్ని పంపు, వాడైనా బ్లాక్ చేస్తాడు" అంటే అందరితో పాటు మీరూ నవ్వేశారని రాశారు. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదన్నారు. ఆ నిద్ర పట్టకపోవడం నాకు బాగా తెలుసు. నా విషయంలో తమ్ముడి బదులు అమ్మమ్మ. "మీ అమ్మమ్మ కళ్లజోడు లేకుండా కూడా ఆ ఓవర్‌హెడ్ ఆపేస్తుందిరా" అన్నాడు ఒకడు. అప్పటికి ఓవర్‌హెడ్ అంటే ఏంటో కూడా నాకు తెలీదు. తెర మీద మన పాత్ర కూర్చుని బ్లాక్ చేస్తే తగిలేసే దెబ్బ అది, నిలబడి ఆపాలి, అంతే సంగతి. అది తెలియక నేను కూర్చునే ఉన్నాను, దెబ్బలు తింటూనే ఉన్నాను.

కానీ ఆ రోజు ఇంకోటి కూడా జరిగింది. నవ్వు అయిపోయాక అతనే ట్రైనింగ్ మోడ్ తెరిచి "ఇలా రా" అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇరవై నిమిషాల పాటు అదే దెబ్బ మళ్లీ మళ్లీ కొట్టి చూపించాడు. చెయ్యి పైకెత్తే భంగిమ కనపడగానే లేవాలి, కనపడకపోతే కూర్చోవాలి. ఇరవై నిమిషాలూ తన ఆట మానుకుని నాకోసం కూర్చున్నాడు. కాబట్టి మీ ప్రశ్నకు నేను చూసే మొదటి విషయం ఇదే. జోక్ వేసినవాడు తర్వాత జవాబు కూడా చెప్తున్నాడా? మీ తమ్ముడి మాట ఎత్తినతను ఆ తర్వాత ఏం చేశాడో మీరు రాయలేదు. అది ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ఈ ఆటలు ఆడేవాళ్లకి నోరు ఎందుకింత ఎక్కువో చెప్తాను. 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చినప్పుడు ఆర్కేడ్‌లో, అంటే నాణెం వేసి ఆడే గేమ్ సెంటర్‌లో, ఒకే మెషీన్ ముందు ఇద్దరు భుజం భుజం తగిలేలా నిలబడి ఆడేవాళ్లు. వెనక మిగతావాళ్లు. ఓడినవాడు తప్పుకోవాలి, గెలిచినవాడు ఉంటాడు. ఎవరూ మొహం దాచుకోలేరు. పైగా ఇది ఒక్కడు ఇంకొక్కడితో ఆడే ఆట. క్రికెట్‌లో అయితే క్యాచ్ వదిలినవాడి మీద, అంపైర్ మీద, పిచ్ మీద తోసేయొచ్చు. ఇక్కడ తోసేయడానికి చేతిలో ఉన్న కంట్రోలర్ ఒక్కటే దిక్కు.

అందుకే మా గ్రూపులో కంట్రోలర్ పేరు మద్దెల. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నుంచి వచ్చింది, ఎవరు పెట్టారో గుర్తులేదు. ఓడినవాడు కంట్రోలర్ వంక ఒక్క చూపు చూస్తే చాలు, వెనక నుంచి ఎవరో ఒకరు ఎంతో ఆప్యాయంగా "మద్దెల బాలేదా అన్నా?" అని అడుగుతారు. దీనివల్ల వచ్చిన చిక్కేంటంటే, నిజంగా పాడైనా చెప్పుకోలేం. ఒకసారి నా కంట్రోలర్‌లో ఎడమ బటన్ ఇరుక్కుపోయింది. మూడు మ్యాచ్‌లు నోరు మూసుకుని ఓడాను. నాలుగోది అయ్యాక ఇక ఆగలేక చెప్తే గది మొత్తం పగలబడి నవ్వింది. ఒకడు మాత్రం దాన్ని తీసుకుని నొక్కి చూసి, "ఒరేయ్, ఇది నిజంగానే ఓడురా!" అన్నాడు. వెంటనే తన కంట్రోలర్ ఇచ్చాడు. దాంతోనూ ఓడాను, అది వేరే కథ.

మాలో కెన్ అనే పాత్రతో ఆడేవాడు ఒకడున్నాడు. కింద పడి లేచిన ప్రతిసారీ షోర్యుకెన్, అంటే పైకి ఎగురుతూ కొట్టే గుద్దు, కొడతాడు. "వీడికి లేవగానే షోర్యుకెన్ పడకపోతే తెల్లారదు" అనేవాళ్లం. ఇందులో వెటకారం ఎంతుందో పాఠం కూడా అంతే ఉంది. ఆ దెబ్బని అవతలివాడు బ్లాక్ చేశాడంటే కొట్టినవాడు గాల్లో ఏమీ చేయలేక వేలాడుతూ ఉంటాడు, వాడు కిందకి దిగేలోపు తీరిగ్గా ఉన్నంతలో పెద్ద కాంబో (ఆగకుండా వరస దెబ్బలు) వేసుకోవచ్చు. ఎన్నిసార్లు చెప్పినా వాడు వినలేదు. ఒక రోజు మాత్రం లేచాడు, ఏ బటనూ నొక్కలేదు, ఊరికే బ్లాక్ చేశాడు. అవతలివాడు అలవాటు ప్రకారం షోర్యుకెన్ కోసం కాచుకుని ఉన్నాడేమో, అలాగే ఉండిపోయాడు. గదిలో ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత వెనక నుంచి "తెల్లారిందిరోయ్!" అని ఒక కేక. ఆ సెట్ ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు గానీ ఆ కేక గుర్తుంది.

ఎగతాళికి ఒక న్యాయం కూడా ఉంటుంది. దాన్ని ఫ్రేముల్లో లెక్కపెట్టొచ్చు. ఫ్రేము అంటే తెర మీద మారే ఒక్కో బొమ్మ. ఆట సెకనుకి 60 ఫ్రేములతో నడుస్తుంది, అంటే ఒక ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు. త్రో, అంటే పట్టుకుని విసిరేయడం, 5 ఫ్రేముల్లో పట్టేస్తుంది. దాన్ని కళ్లతో చూసి ఆపడం ఎవరివల్లా కాదు, వస్తుందేమోనని ముందే ఊహించాలి. కాబట్టి త్రోకి దొరికినవాణ్ని మరీ ఏడిపించడం న్యాయం కాదు. అదే డ్రైవ్ ఇంపాక్ట్ అనే పెద్ద దెబ్బ అయితే 26 ఫ్రేములు, అర సెకనుకి కాస్త తక్కువ. రంగులు చిమ్ముకుంటూ, శబ్దం చేసుకుంటూ వస్తుంది. చూసి మనమూ డ్రైవ్ ఇంపాక్ట్ కొట్టి తిప్పేయొచ్చు. దానికి దొరికితే మాత్రం మా దగ్గర క్షమాపణ లేదు. "చెప్పులేసుకుని వచ్చి ఆపొచ్చు కదరా" అంటారు. మరి మిమ్మల్ని ఏ దెబ్బకి అన్నారు? ఆపగలిగినదానికే అన్నారంటే, ఒక రకంగా మీ నుంచి ఏదో ఆశిస్తున్నట్టే.

త్రో మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. కొత్తలో అందరూ త్రో మీద అలుగుతారు, నేనూ అలిగాను. "నీకు త్రోలు తప్ప ఇంకేమీ రావా?" అన్నాను ఒకసారి. "నీకు తప్పించుకోవడం రానంతవరకు ఇంకేవీ అక్కర్లేదు మామా" అని జవాబొచ్చింది. తిరిగి అనడానికి నాకు ఒక్క మాట దొరకలేదు. ఇప్పుడు కొత్తవాళ్లకి నేను అదే మాట చెప్తున్నాను.

ఇంకో పాత అలవాటు. ఎవరైనా చావుకి ఒక్క దెబ్బ దూరంలో ఉండి ఏదైనా పిచ్చి సాహసం చేసి ఓడిపోతే "డైగో అనుకున్నావా?" అంటాం. 2004లో ఈవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్ టోర్నీలో, స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్ మ్యాచ్‌లో జపాన్ ఆటగాడు డైగో ఉమెహారా దగ్గర ప్రాణం దాదాపు మిగల్లేదు. బ్లాక్ చేసినా దాని రాపిడికే చచ్చిపోయే పరిస్థితి. అవతల జస్టిన్ వాంగ్ తన చున్-లీ అనే పాత్రతో సూపర్ (అన్నిటికన్నా పెద్ద దెబ్బ) వేస్తే అందులోని 15 దెబ్బల్నీ ఒక్కొక్కటిగా ప్యారీ చేసి, అంటే తగిలే క్షణంలోనే తిప్పికొట్టి, తిరిగి కొట్టి డైగో గెలిచాడు. ఆ రోజు ఆ టోర్నీ మాత్రం డైగో గెలవలేదు, ఫైనల్లో వేరే అతని చేతిలో ఓడాడు. ఈ ముక్క మా గ్రూపులో సగం మందికి తెలియదు, తెలిసినవాళ్లు మిగతావాళ్లని ఏడిపించడానికి వాడుకుంటారు.

ఇప్పటిదాకా తీపి కబుర్లే చెప్పాను. నేను చేసిన వెధవపని కూడా చెప్పాలి.

మా గ్రూపులోకి ఒక కుర్రాడు కొత్తగా వచ్చాడు. మోడర్న్ కంట్రోల్స్‌తో ఆడేవాడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, మామూలుగా చాలా నొక్కులు వరసగా నొక్కాల్సిన స్పెషల్ మూవ్ అందులో ఒక్క బటన్‌తో వచ్చేస్తుంది, బదులుగా దాని దెబ్బ 20 శాతం తగ్గుతుంది. మొదటి రోజే నేను "ఆట నువ్వు ఆడుతున్నావా, ఆటే నిన్ను ఆడిస్తోందా?" అన్నాను. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. బాగా పేలిందని మురిసిపోయాను. మర్నాటి నుంచి అందరూ అదే అందుకున్నారు. వాడు గెలిచినా అదే, ఓడినా అదే. ఒక దశలో వాణ్ని పేరు పెట్టి పిలవడం మానేసి "ఆటబొమ్మ" అనడం మొదలైంది. నాలుగు వారాల తర్వాత వాడు రావడం మానేశాడు.

మెసేజ్ పెడితే రెండు రోజులకి జవాబిచ్చాడు. "మీరొక్కరు అన్నప్పుడు జోకే అన్నా. ఎనిమిది మంది అదే అంటుంటే అది నా పేరైపోయింది."

తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆ మాటలో నిజానికి బూతు లేదు, పెద్ద ద్వేషమూ లేదు. కానీ కెన్ ఆడేవాడి మీద జోక్ వాడు చేసిన తప్పు మీద. వాడు మానుకుంటే అది కూడా పోతుంది, పోయింది కూడా. ఈ కుర్రాడి మీద మేమేసినదానికి బయటపడే దారి లేదు. ఏం చేసినా అదే మాట. అందరి ముందూ సారీ చెప్పాను. వాడు తిరిగొచ్చాడు గానీ వెంటనే కాదు, ముందులా అంత గలగలా మాట్లాడనూ లేదు. ఆ విషయం సినిమాలో లాగా సర్దుకుపోలేదు.

ఇంకో హద్దు ఉంది, దాని గురించి ఎక్కువ చర్చ కూడా అనవసరం. మనిషి రూపం, ఇంట్లో ఆడవాళ్లు, కులం, ఆడపిల్ల కాబట్టి ఇలా ఆడుతోంది లాంటి మాటలు. 2012లో స్ట్రీట్ ఫైటర్ క్రాస్ టెక్కెన్ అనే గేమ్ ప్రచారానికి క్రాస్ అసాల్ట్ అని ఒక లైవ్ షో పెట్టారు. అందులో ఒక జట్టు కోచ్ తన జట్టులోనే ఉన్న అమ్మాయి మీద రోజుల తరబడి వెకిలి మాటలు మాట్లాడి, అడిగినవాళ్లకి ఇదంతా ఫైటింగ్ గేమ్స్ సంస్కృతిలో భాగమే అన్నాడు. ఆ అమ్మాయి పోటీ నుంచి తప్పుకుంది. "మా దగ్గర ఇంతే, తట్టుకోలేకపోతే రావద్దు" అని ఎవరైనా అంటే నాకు ఆ షోనే గుర్తొస్తుంది. మీ దగ్గర అలాంటిదేమైనా ఉంటే ఇంకెన్ని వారాలు చూసినా లాభం లేదు, ఇంకో గ్రూపు వెతుక్కోండి.

మీరు రాసినదాన్ని బట్టి అలా అనిపించట్లేదు. తమ్ముడి జోక్ మీ బ్లాకింగ్ మీద, మీ మీద కాదు. కాబట్టి ఈ వారం వెళ్లండి. పంచ్ డైలాగులు తయారుచేసుకుని మాత్రం వెళ్లకండి, నేను ఒకసారి అద్దం ముందు ప్రాక్టీస్ చేసి వెళ్లాను, నోరు తెరిచేలోపే రెండో రౌండ్ కూడా పోయింది. ఓడగానే ఆ తమ్ముడి జోక్ వేసినతని దగ్గరికే వెళ్లి "సరే, తమ్ముడు రాడు, నేనే నేర్చుకుంటా, ఎక్కడ దొరికిపోతున్నాను?" అని అడగండి. చూపించాడా, మీకు మనిషి దొరికినట్టే. నవ్వి పక్కకి తిరిగాడా, గదిలో ఇంకొకరు ఉంటారు, వాళ్లతో ఆడండి. నొప్పి కలిగించే మాట ఏదైనా ఉంటే ఆ ఒక్కణ్ని పక్కకి పిలిచి చెప్పండి, గ్రూప్ చాట్‌లో వద్దు. చాట్‌లో గొంతు వినపడదు, అక్కడ మామూలు జోక్ కూడా కత్తిలా దిగుతుంది.

అమ్మమ్మ జోక్ వేసినతనితో ఇప్పటికీ పది గెలుపుల సెట్లు ఆడుతుంటాను. పోయినసారి స్కోరు ఎంతని మాత్రం అడగకండి. ఆ రోజు మద్దెల బాలేదు.