ఆయన నెలకి రెండుసార్లే వస్తారు, టికెట్ ఏ రోజుకి తీయమనాలి?

నరసన్నపేట నుంచి మీరు అడిగింది చదివాను. ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకి రెండుసార్లు వస్తారు, మీకు నెలసరి ఒకసారి 28 రోజులకి, ఒకసారి 34 రోజులకి వస్తోంది, ఫోన్‌లో యాప్ మాత్రం ప్రతి నెలా అండం విడుదలయ్యేది 14వ రోజే అంటోంది, గర్భం రావాలంటే ఆయన్ని ఎప్పుడు రమ్మనాలి అని. మాదీ అచ్చం ఇదే పరిస్థితి, నేను విజయనగరం దగ్గర అత్తారింట్లో, ఆయన హైదరాబాద్‌లో, పాప కడుపున పడేదాకా అలాగే నడిచింది. నేను డాక్టర్‌ని కాను, ఆ టికెట్లన్నీ తీయించిన మనిషిని.

ముందు ఆ 14ని పక్కన పెట్టండి. అది సరిగ్గా 28 రోజులకి వచ్చేవాళ్ల లెక్క. అండం విడుదలయ్యాక తర్వాతి నెలసరి రావడానికి చాలామందికి ఇంచుమించు రెండు వారాలు పడుతుంది, ఎక్కువగా సాగేదీ తగ్గేదీ దానికి ముందు భాగం. అంటే మీకు 28 రోజుల నెలలో 14వ రోజు దగ్గర, 34 రోజుల నెలలో 20వ రోజు దగ్గర విడుదలవుతుంది. ఈ నెల ఏదవుతుందో యాప్‌కేం తెలుసు, పాత తేదీలు చూసి ఊహిస్తుంది అంతే. ఇంకో సంగతి, ఒకటో రోజు అంటే రక్తస్రావం బాగా మొదలైన రోజు. మా ఇంట్లో పెద్దవాళ్లు తలస్నానం చేసిన రోజు నుంచి లెక్కపెట్టేవారు, అలాగైతే నాలుగైదు రోజులు తేడా కొట్టేస్తుంది.

అండం బయటికొచ్చాక బతికేది 12 నుంచి 24 గంటలే. వీర్యకణాలు మాత్రం లోపల అనుకూలంగా ఉంటే 5 రోజుల దాకా ఉండగలవు, అన్నీ అన్నాళ్లు ఉండవనుకోండి. అందుకే గర్భం వచ్చే రోజులంటే అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు అయిదు రోజులు, అందులోనూ చివరి రెండు మూడు రోజులు మరీ మంచివి. మీలాంటివాళ్లకి దీని అర్థం ఏమిటంటే ఆయన కాస్త ముందొచ్చినా పర్వాలేదు, ఆలస్యంగా వస్తేనే ఆ నెల పోతుంది. మీ తేదీల ప్రకారం నేనైతే 12వ, 13వ రోజుల్లో ఇంట్లో ఉండేలా ఒకసారి, 17వ, 18వ రోజుల్లో ఉండేలా ఇంకోసారి రమ్మంటాను. రెండు రాకల్నీ నెలలో ఆ చివరా ఈ చివరా పెట్టుకుంటే లాభం లేదు.

ఇక కిట్ సంగతి, అండం విడుదలయ్యే సమయం దగ్గరపడిందని మూత్రం చూసి చెప్పేది. మెడికల్ షాపులో ఓవ్యులేషన్ కిట్ అని గట్టిగా అడగండి, లేదంటే ప్రెగ్నెన్సీ కిట్ చేతిలో పెట్టేస్తారు, నాకు పెట్టారు కూడా. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ చదివే పద్ధతి వేరు. ప్రెగ్నెన్సీ కిట్‌లో రెండో గీత లేతగా ఉన్నా లెక్కే, ఇందులో రెండో గీత మొదటిదానంత ముదురుగా, లేదా ఇంకా ముదురుగా ఉంటేనే పాజిటివ్. లేత గీత చూసి కంగారుపడి ఫోన్ చేయకండి. పొద్దున్న లేవగానే కాకుండా మధ్యాహ్నమో సాయంత్రమో, దానికి ముందు రెండు గంటలు నీళ్లు తగ్గించి చూడండి, రోజూ ఒకే వేళకి. పీసీఓడీ, అంటే హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య ఉన్నవాళ్లకి మాత్రం అండం విడుదల కాకపోయినా పాజిటివ్ చూపించొచ్చు.

పాజిటివ్ వచ్చాక సుమారు 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. భర్త పక్కన ఉన్నవాళ్లకి అది చాలు. మనవాళ్లు సెలవు అడిగి, తత్కాల్ దొరికి, హైదరాబాద్‌లో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటికి గానీ శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగరు. పొద్దున్నే నోట్లో థర్మామీటర్ పెట్టుకుని చూసే పద్ధతైతే ఇంకా ఆలస్యం! అండం విడుదలయ్యాకే ఒంటి వేడి కొద్దిగా పెరుగుతుంది, బండి వెళ్లిపోయాక టికెట్ కొన్నట్టే. అండం విడుదలవుతోందా లేదా అని రెండు మూడు నెలలు చూసుకోవడానికి పనికొస్తుంది గానీ ఆయన్ని పిలవడానికి కాదు.

నాకు అన్నిటికంటే అక్కరకొచ్చింది తెల్లబట్ట. మనవైపు అది కనిపిస్తే చాలు వేడి చేసిందమ్మా అని బార్లీ నీళ్లు పట్టిస్తారు. నెల మధ్యలో వచ్చేది రోగం కాదు. నెలసరి అయ్యాక కొన్నాళ్లు పొడిగా ఉంటుంది, తర్వాత మజ్జిగలా కాస్త చిక్కగా కనిపిస్తుంది, ఆ తర్వాత ఒకరోజు పచ్చి గుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా, జారుడుగా ఉంటుంది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి సాగదీస్తే తెగకుండా తీగలా సాగుతుంది. ఆ రోజే ఫోన్ చేయాలి, చాలాసార్లు కిట్ కంటే ముందే ఇది చెప్పేస్తుంది. దురద, వాసన ఉన్నా, పాలు విరిగినట్టు ఉన్నా అది ఇన్ఫెక్షన్ కావచ్చు, డాక్టర్‌కి చూపించండి.

వచ్చిన రోజుల్లో రోజు విడిచి రోజైనా, రోజూ అయినా ఫర్వాలేదు. ముహూర్తం పెట్టినట్టు గడియారం చూసుకోవద్దు, ఆ టెన్షన్‌కి మా ఆయన ఊరికి రావాలంటేనే భయపడ్డారు. ఫోలిక్ యాసిడ్ ఇప్పటినుంచే మొదలుపెట్టండి, మామూలుగా రోజుకి 400 మైక్రోగ్రాములు, మీకెంత అవసరమో డాక్టర్‌ని అడగండి.

పెళ్లై రెండేళ్లైంది, "ఏటమ్మా, ఇంకా ఏటీ విశేషం లేదా" అని వీధిలో ప్రతివాళ్లూ అడుగుతున్నారని రాశారు. ఆ రెండేళ్లలో సరైన రోజుల్లో కలిసి ఉన్నది ఎన్ని నెలలో వాళ్లకేం తెలుసు. అయినా ఆడవాళ్ల వయసు 35 లోపైతే ఏడాది, 35 దాటితే ఆరు నెలలు ప్రయత్నించి డాక్టర్ దగ్గరికి వెళ్లమంటారు, మీకు నెలసరి ఇలా అటూ ఇటూ అవుతోంది కాబట్టి ఇప్పుడే వెళ్లినా తప్పులేదు. థైరాయిడ్ చూస్తారు, అవసరమైతే ఫాలిక్యులర్ స్టడీ అని కొన్ని రోజులు స్కాన్ చేసి అండం పెరగడం చూస్తారు. మీ ఒక్కరికే టెస్టులు చేయించి ఆపేయనివ్వకండి, ఆయన వీర్య పరీక్ష కూడా మొదట్లోనే అయిపోవాలి. దానికి ముందు 2 నుంచి 7 రోజులు కలవకుండా ఉండాలి కాబట్టి ఊరికొచ్చిన రోజుల్లో పెట్టుకోకుండా హైదరాబాద్‌లోనే చేయించుకుని రిపోర్టు వాట్సాప్‌లో పంపమనండి.