ఇంట్లోనే ఉన్నావుగా!

ప్రశ్న: అక్కా, మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, ఇద్దరిదీ వర్క్ ఫ్రమ్ హోమే. ఆయన బెడ్రూమ్ తలుపేసుకుని కాల్స్ మాట్లాడతారు, నేను డైనింగ్ టేబుల్ దగ్గర. కొరియర్ వచ్చినా కుక్కర్ కూసినా పాప ఏడ్చినా నేనే లేవాలి. అదేంటంటే అత్తయ్య "నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా" అంటారు. మరి ఆయన?

జవాబు: ఆయనా ఇంట్లోనే ఉన్నారమ్మా, కాకపోతే ఆయనకి తలుపుంది! మన దేశంలో ఎవరు దేనికెంత టైమ్ పెడుతున్నారో లెక్కేసిన 2019 టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు పెడితే మగవాళ్లు 97, అదీ ఇంటిపని చేసేవాళ్ల లెక్కే, అసలు వేలు పెట్టని మగాళ్లు అందులో లేనే లేరు. అత్తయ్యతో వాదన వద్దు, ముందు ఆ గది పంచుకోండి, పొద్దున మీకు, మధ్యాహ్నం నుంచి ఆయనకి, బయట కూర్చున్నవాళ్లదే కుక్కరూ బెల్లూ పాపా. మొదట్లో అత్తయ్య అలవాటుగా మీ తలుపే కొడతారు, తియ్యకండి, బయట వాళ్లబ్బాయి ఉన్నాడుగా.