చెట్టుకు ఉయ్యాల కట్టడం ఏ మతం ఆచారం?

గుడి దగ్గర చెట్టుకూ దర్గా దగ్గర చెట్టుకూ ఒకేలా గుడ్డలు, ఉయ్యాలలు కడతారెందుకు, అసలు ఈ ఆచారం ఎవరిదని అడిగారు. మా అమ్మమ్మనైతే ఈ మాట అడిగే ధైర్యం నాకు లేదు. ఆమె రెండు చోట్లా కట్టించిన మనిషి.

మాది కరీంనగర్ వైపు పల్లె. చిన్నమ్మకు పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లలు కాలేదు. సోమవారం అమావాస్య వచ్చిందంటే అమ్మమ్మ ఆమెతో రావిచెట్టు చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు చేయించేది. ఒక గురువారం ఊరి బయట దర్గాకు కూడా తీసుకుపోయింది. ఆకుపచ్చ రవిక గుడ్డ చింపి, అందులో గులకరాయి పడుకోబెట్టి, అక్కడి చింతకొమ్మకు ఉయ్యాల కట్టించింది. ఆ రాయే బిడ్డ అన్నమాట. సంచి మోసుకుంటూ వెంట పోయింది నేనే.

రెండేళ్ళకు కొడుకు పుట్టాడు. మొక్కు తీరిందంటే కట్టిన ఉయ్యాల విప్పాలి. కొమ్మల నిండా గుడ్డలే, ఎండకు వెలిసి అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. తనది దొరకక చిన్నమ్మకు ఒకటే టెన్షన్. దర్గాను చూసుకునే ముజావర్ తాత నవ్వి, "ఎవలదైతేంది బిడ్డా, ఏదో ఒకటి విప్పు" అన్నాడు. చేతికందిన ముడి ఒకటి విప్పింది. తన ముడి అప్పటికే ఇంకెవరో విప్పేసి ఉంటారు. ఆ పూటే అక్కడ కందూరు, అంటే మొక్కు విందు చేశాం. అయితే పొద్దుగూకాక ఆ చింతకింద అమ్మమ్మ మమ్మల్ని ఒక్క నిమిషం ఉండనివ్వలేదు, చింత మీద దయ్యాలుంటాయట!

ఇది మన పల్లెల్లోనే ఉన్న సంగతీ కాదు. అమృత్‌సర్ స్వర్ణ దేవాలయంలో కోనేటి గట్టున ఒక రేగుచెట్టు ఉంది, దుఖ్ భంజనీ బేరీ అంటారు. అక్కడ మునిగితే రోగాలు పోతాయని సిక్కుల నమ్మకం. మన అమరావతి స్తూపం తొలినాటి శిల్పాల్లో బుద్ధుడి బొమ్మే కనిపించదు. ఖాళీ ఆసనం, దాని వెనక బోధివృక్షం, చేతులు జోడించిన జనం, అంతే. క్రైస్తవులకు చెట్టు పూజ లేదుగానీ, మా క్యాథలిక్ స్నేహితుడి ఇంట్లో మట్టల ఆదివారం నాడు తెచ్చిన మట్టను ఏడాదంతా సిలువ వెనక దాస్తారు. తర్వాత అలాంటి మట్టలనే కాల్చి, ఆ బూడిదను భస్మ బుధవారం రోజు నొసట పెట్టించుకుంటారు.

ఇంతకీ నన్ను తొలిచే చెట్టు జమ్మి. దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతాం, ఈడు వాళ్ళను కావలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటాం. "శమీ శమయతే పాపం" శ్లోకం చీటీ మీద రాసి కొమ్మకు తగిలిస్తాం. రాజస్థాన్‌లో ఖేజ్రీ అనేది ఈ చెట్టునే. జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీలో 1730లో రాజు మనుషులు వీటిని నరకడానికి వస్తే, అమృతాదేవితో మొదలుపెట్టి 363 మంది బిష్ణోయీలు (పచ్చని చెట్టు నరకకూడదనే నియమం ఉన్న శాఖవాళ్ళు) చెట్లను కావలించుకుని ప్రాణాలిచ్చారు.

మేము మాత్రం అదే చెట్టును పూజించి పూజించి చంపాం. నా చిన్నప్పుడు ఆకులు తుంచుకునేవాళ్ళు, తర్వాత రెమ్మలు, ఆ తర్వాత కొడవలి పట్టుకొచ్చి ఏకంగా కొమ్మలు. ఒక ఎండాకాలం అది నిలువునా ఎండిపోయింది. జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షమైనా మా ఊళ్ళో ఇప్పుడు చెట్టు లేదు. పక్క ఊరి నుంచి ఒక కొమ్మ కొట్టుకొచ్చి బడి మైదానంలో పాతి, దానికే పూజ చేస్తున్నారు. పూజ అయిన ఐదు నిమిషాలకు అక్కడ కట్టె ఒక్కటే మిగులుతుంది.

మూడేళ్ళ కింద నర్సరీ నుంచి రెండు జమ్మి మొక్కలు తెచ్చి చెరువు కట్ట కింద పెట్టాను. ఒకటి మేకల పాలైంది. రెండోది ఇంకా నడుమెత్తు కూడా రాలేదు. పోయిన దసరా మర్నాడు పోయి చూస్తే దానికీ సగం ఆకుల్లేవు, ఒక రెమ్మకు చీటీ వేలాడుతోంది. ఈసారి చుట్టూ తుమ్మకంప వేసి వచ్చాను.