గిబియా కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

బైబిల్లో న్యాయాధిపతుల గ్రంథం 19, 20, 21 అధ్యాయాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చర్చిలో పెద్దగా ఎవరూ ముట్టుకోని భాగాన్ని ఎంచుకున్నావు, సంతోషం. పుట్టింటికి వెళ్లిన ఉపపత్నిని ఒక లేవీయుడు (దేవుడి సేవకు కేటాయించిన గోత్రంవాడు) తిరిగి తెస్తూ బెన్యామీను గోత్రపు ఊరు గిబియాలో రాత్రికి ఆగడం, ఊరి పోకిరులు ఆమెను చెరచడం, అతను ఆమెను ముక్కలుగా కోసి ఇశ్రాయేలు గోత్రాలకు పంపడం, వాళ్లు బెన్యామీను మీద యుద్ధానికి లేవడం, ఇదీ కథ. కానీ మూడో పేరాకే "దేవుణ్ణి వదిలేస్తే సమాజం ఇలాగే అవుతుంది" అని తీర్పు చెప్పేశావు. తీర్పు వినేశాక పాఠకుడు మిగతా నాలుగు పేజీలు ఎందుకు చదవాలి? పైగా ఆ తీర్పు గ్రంథకర్త ఇచ్చింది కాదు, నువ్వు తొందరపడి ఇచ్చింది.

ఆ మూడు అధ్యాయాల్లో కథ చెప్పేవాడి తీరు చూడు. తలుపు బాదిన ఊరివాళ్లను పోకిరులన్నాడు. అంతకుమించి మగవాళ్లెవర్నీ తన నోటితో ఏమీ అనలేదు. లేవీయుణ్ణయితే ఒక్క మాట అనలేదు. అనలేదు కాబట్టి సమర్థించాడనుకుని కొందరు గ్రంథం మీదే కోప్పడతారు. ఇంకొందరు కంగారుపడి కథకుడి తరఫున సంజాయిషీలు రాస్తారు. ఇద్దరూ చదవడం దగ్గరే తప్పారు. ఈ కథకుడు తిట్టడు, అమరుస్తాడు. దేని పక్కన ఏది పెట్టాడు, దేనికి ఎంత చోటిచ్చాడు, ఎవరి నోట మాట పెట్టాడు, ఎవరికి పెట్టలేదు అన్నదాంట్లోనే ఆయన తీర్పు ఉంది. ఆ అమరికను పాఠకుడికి చూపిస్తే నీ పని ముప్పాతిక వంతు అయినట్టే.

ముందు 17 నుంచి 21 దాకా ఐదు అధ్యాయాలూ చేత్తో రాసుకో. టైపు చేయకు, చెయ్యి ఆగిన చోటే కన్ను ఆగుతుంది. తర్వాత 19వ అధ్యాయంలో వచనాలు లెక్కపెట్టు. బేత్లెహేములో మామగారి ఇంట తినడం, తాగడం, "ఇంకొక్క పూట ఉండి వెళ్లు" అనడం 4వ వచనం నుంచి 9 దాకా సాగుతుంది. రాత్రంతా ఆ అమ్మాయికి జరిగినది 25వ వచనంలో సగం. నీ వ్యాసంలో ఈ నిష్పత్తి తలకిందులైంది. విందును ఒక వాక్యంలో దాటేసి, రాత్రిని పేజీన్నర వర్ణించావు. గ్రంథం సగం వచనంతో సరిపెట్టినదాన్ని నువ్వు పేజీన్నర చేస్తే అది సానుభూతి అవదు, తొంగిచూడటం అవుతుంది. ఆ పేజీన్నర కొట్టెయ్యి.

విందుకు అన్ని వచనాలెందుకో తెలియాలంటే మ్యాపు ముందేసుకో. బేత్లెహేము నుంచి యెరూషలేముకు, అంటే అప్పటి యెబూసుకు, 8-9 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి ఉత్తరంగా మరో 5 కిలోమీటర్లు వెళితే టెల్ ఎల్-ఫుల్ అనే గుట్ట వస్తుంది. గిబియా అదేనని చాలామంది పండితుల అభిప్రాయం. 1920ల్లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్‌బ్రైట్ అక్కడ తవ్వకాలు జరిపాడు. గాడిదలతో నడిచే మనుషులకు మొత్తం మీద మూడు గంటల ప్రయాణం. పొద్దున్నే బయల్దేరి ఉంటే వెలుగుండగానే గిబియా దాటిపోయేవాళ్లు. ఐదో రోజు మామ పట్టుబట్టి పొద్దు వాలేదాకా ఆపాడు. గిబియా చేరేసరికి సూర్యుడు గుంకాడు. హత్యకు దారి వేసింది మర్యాదే. ఇద్దరు మగవాళ్లు ఐదు రోజులు తిని తాగుతుంటే ఆ అమ్మాయి ఆ ఇంట్లో ఎక్కడుందో గ్రంథం చెప్పదు. ఆమె మనసు మార్చి తెచ్చుకుందామని బయల్దేరిన భర్త ఆమెతో మాట్లాడిన మాట ఒక్కటీ అక్కడ లేదు.

యెబూసు దగ్గర పనివాడు "ఈ ఊళ్లో ఆగుదాం" అంటే, పరదేశుల ఊరు మనకొద్దని యజమాని ముందుకు నడిపించాడు. సొంత జనం ఉన్న గిబియాలో ఎవరూ తలుపు తియ్యలేదు. వాళ్లు అడిగింది భోజనం కూడా కాదు. గాడిదలకు గడ్డీ మేతా, తమకు రొట్టే ద్రాక్షారసమూ వెంటే ఉన్నాయని 19వ వచనంలో అతనే అంటాడు. కావలసింది తలదాచుకునే చోటు మాత్రమే. ఆ చోటిచ్చింది పొలం నుంచి వస్తున్న ముసలాయన. ఆయన ఎఫ్రాయిము కొండసీమ నుంచి వచ్చి అక్కడ కాపురముంటున్నవాడు, ఆ ఊరివాడు కాడు. ఇలాంటి వివరాలు నీ వ్యాసంలో ఒక్కటీ లేవు. ఇవి లేకుండా "నైతిక పతనం" అని ఎన్నిసార్లు రాసినా గాలిలో రాసినట్టే.

తలుపు మీద ఒక పేరా రాయి. పోకిరులు బాదినది ఆ తలుపే. ఆమెను బయటికి తోసిందీ ఆ తలుపులోంచే. తోసింది లేవీయుడే, తన చేత్తో పట్టుకుని తోశాడు. ముసలాయన తన కన్యకూతురినీ ఈమెనూ కలిపి ఇవ్వజూపాడు. ఆ మాట కూడా దాచకు. తెల్లవారుజామున ఆమె వచ్చి పడింది ఆ తలుపు ముందే. పొద్దున అతను తలుపు తీసింది ఆమెను వెతకడానికి కాదు, తన దారిన తాను పోవడానికి. 27వ వచనం ఆ మాట సూటిగా చెబుతుంది. ఆమె చేతులు గడప మీద ఉన్నాయి. అతను అన్నది "లే, వెళదాం" అని. కథ మొత్తంలో అతను ఆమెతో అన్నట్టు మనకు వినిపించే మాట అదొక్కటే. ఇక్కడ విశేషణాలు వాడకు. "క్రూరంగా", "నిర్దయగా" అని చేర్చిన ప్రతిచోటా వాక్యం బలం తగ్గుతుంది.

ఆమె అప్పటికి చనిపోయిందా? హీబ్రూ మూలం చెప్పదు. జవాబు లేదు అంటుంది, అంతే. ప్రాచీన గ్రీకు అనువాదం మాత్రం "ఆమె చనిపోయి ఉంది" అని చేర్చింది. నువ్వు "శవాన్ని గాడిద మీద వేసుకుని" అని రాశావు. అంటే గ్రీకు పాఠం రాసి హీబ్రూ అనుకున్నావు. కత్తి పట్టుకునే సమయానికి ఆమె ప్రాణం సంగతి మూలం తేల్చలేదన్న విషయం పాఠకుడికి చెప్పు. చెప్పి ముందుకెళ్లు, ఊహలు అల్లకు.

"ఉపపత్ని" దగ్గర కూడా జాగ్రత్త. మన పాఠకులు ఆ మాట వినగానే ఉంచుకున్న మనిషి అనుకుంటారు. గ్రంథమే అతణ్ణి ఆమె భర్త అనీ, ఆమె తండ్రికి అల్లుడనీ అంటోంది. హోదా తక్కువ కావచ్చు గానీ సంబంధం అందరూ ఎరిగిందే. ఈ ఒక్క వాక్యం లేకపోతే సగం మంది పాఠకులు ఆమెదే తప్పన్న నమ్మకంతో కథలోకి అడుగుపెడతారు.

20వ అధ్యాయంలో నీకు దొరికే అసలు ఆధారం లేవీయుడి సాక్ష్యం. మిస్పాలో సభ కూడితే అతను లేచి చెప్పినది 4 నుంచి 7వ వచనం దాకా ఉంది. దాన్ని 19వ అధ్యాయం పక్కన పెట్టి వరసవారీగా పోల్చు. కథకుడు పోకిరులన్నవాళ్లు అతని నోట గిబియా వాసులయ్యారు, అంటే నేరం ఊరంతటిదైంది. వాళ్లు అడిగింది అతణ్ణి చెరచడానికైతే, అతను "నన్ను చంపాలని చూశారు" అన్నాడు. ఆమెను బయటికి తోసింది తానేనన్న సంగతి ఎత్తనేలేదు. ఈ సాక్ష్యం విని 4,00,000 మంది కత్తి పట్టారు. ఒక్కరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. దేవుడి దగ్గరకు మొదటిసారి వెళ్లినప్పుడు కూడా "యుద్ధం చెయ్యాలా వద్దా" అని అడగలేదు, "ముందు ఎవరు వెళ్లాలి" అని అడిగారు. యూదా అని జవాబొచ్చింది.

సరిగ్గా అదే ప్రశ్న, అదే జవాబు గ్రంథం మొదటి అధ్యాయంలోనూ ఉన్నాయి. అక్కడ శత్రువు కనానీయులు, ఇక్కడ సొంత గోత్రం. మొదటి అధ్యాయంలోనే కాలేబు కూతురు అక్సా గాడిద దిగి, నీటి మడుగులు కావాలని తండ్రిని అడిగి తీసుకుంటుంది. పేరుంది, మాటుంది, అడిగింది దక్కింది. 19వ అధ్యాయంలో గాడిద మీద వేసిన స్త్రీకి పేరు లేదు, మాట లేదు. మధ్యలో దెబోరా, యాయేలు, తండ్రి మొక్కుకు బలైన యెఫ్తా కూతురు, దెలీలా. ఈ వరస మీద ఒక్క పేరా చాలు, ఎక్కువైతే పట్టికలా తయారవుతుంది. ద్రౌపది సభలో ప్రశ్న వేసింది, ఈమె వెయ్యలేదు అన్న పోలిక నీకు తట్టే ఉంటుంది. తేడా చూపడానికి ఒక వాక్యం వాడుకో, వ్యాసాన్ని దాని మీద కట్టకు.

"కాలం గడిచేకొద్దీ దిగజారారు" అని రాశావే, అది తప్పు. 20వ అధ్యాయం 28వ వచనంలో మందసం (దేవుడి ఒడంబడిక పెట్టె) ముందు నిలిచినవాడు ఫీనెహాసు, మోషే అన్న అహరోనుకు మనవడు. 18వ అధ్యాయంలో దాను గోత్రపు విగ్రహానికి పూజారి అయిన యోనాతాను గెర్షోము సంతతివాడు, అంటే మోషే వంశం. లేఖికులు ఆ పరువు కాపాడాలని మోషే పేరులో ఒక అక్షరం పైకెత్తి ఇరికించి మనష్షే అని చదివేలా చేశారు. తరాల లెక్కన ఈ కథలు గ్రంథం మొదటి భాగానికి చెందినవి. తెచ్చి చివర పెట్టారు. పతనం తేదీల్లో లేదు, కూర్పులో ఉంది. ఇది పట్టుకుంటే నీ వ్యాసానికి వెన్నెముక దొరుకుతుంది.

అలా కూర్చినవాళ్లకు రాజకీయం కూడా ఉంది. గిబియా ఇశ్రాయేలు తొలి రాజు సౌలు ఊరు, బేత్లెహేము తర్వాత రాజైన దావీదు ఊరు. సౌలు రాజైన కొత్తలో ఎద్దుల కాడిని ముక్కలు చేసి ఇశ్రాయేలు అంతటికీ పంపి సైన్యం కూడగట్టింది యాబేష్గిలాదు అనే ఊరిని కాపాడటానికి. ముక్కలు పంపడం, గిబియా, యాబేష్గిలాదు మూడూ మన కథలోనూ కలిసి రావడం కాకతాళీయం కాదని చాలామంది పండితులంటారు. చెప్పు, కానీ "ఇది సౌలు మీద దుష్ప్రచారం, అంతే" అని కొట్టిపారెయ్యకు. హోషేయ ప్రవక్త రెండుచోట్ల "గిబియా దినాలు" అని గుర్తుచేస్తాడు. ఆ జ్ఞాపకం ఒక్క రాజవంశం పోరుతో పుట్టి పోయింది కాదు.

నీ ముగింపును కూలగొట్టేది కూడా ఇక్కడే ఉంది. "రాజు లేడు, ఎవరికి నచ్చినట్టు వాళ్లు నడిచారు" అన్న చివరి వచనం ఎత్తి రాసి, రాజు వస్తే బాగుపడేదని తేల్చావు. రాజు వచ్చాడు. 2 సమూయేలు 13లో ఆ రాజు కొడుకు అమ్నోను చెల్లెలు తామారును చెరిచాడు. దావీదు విని మండిపడ్డాడు, ఏమీ చెయ్యలేదు. ఆ అధ్యాయం పక్కన పెట్టి మళ్లీ ఆలోచించు.

అంకెల దగ్గర తడబడ్డావు. బెన్యామీనీయులు 26,000, గిబియావాళ్లు 700, కలిపి 26,700. మూడో రోజు కూలినవాళ్లు 25,100, రిమ్మోను బండకు పారిపోయినవాళ్లు 600. వెయ్యి మంది లెక్క తేలదు. దాన్ని సరిచెయ్యడానికి నానా తంటాలు పడ్డావు. అక్కర్లేదు. "గ్రంథం ప్రకారం" అని రాసి వదిలెయ్యి. నువ్వు వాడాల్సిన అంకెలు వేరే ఉన్నాయి. తొలి రెండు రోజుల్లో ఇశ్రాయేలీయులే 22,000, 18,000 మంది పోయారు. యుద్ధమయ్యాక మిగిలిన 600 మంది బెన్యామీనీయులకు పెళ్లాలు కావాలి, కానీ మా పిల్లల్ని వాళ్లకు ఇచ్చేది లేదని మిగతా గోత్రాలవాళ్లు ముందే ఒట్టేసుకున్నారు. ఒట్టు చెడకుండా యాబేష్గిలాదు మీదికి 12,000 మందిని పంపి, ఊరు చంపి, 400 మంది కన్యల్ని తెచ్చారు. ఇంకా 200 తక్కువ. షిలోహు పండగలో నాట్యానికి వచ్చే పిల్లల్ని ద్రాక్షతోటల్లో పొంచి ఎత్తుకుపొమ్మన్నది పెద్దలే. ఒక స్త్రీకి న్యాయం చేస్తామని లేచినవాళ్లు 600 మంది ఆడపిల్లల్ని చెరపట్టారు. 21వ అధ్యాయంలో దేవుడి ముందు ఏడ్చారు, ఆయన జవాబు ఒక్కటీ లేదు. నువ్వు ఈ అధ్యాయానికి మూడు వాక్యాలిచ్చావు. రాత్రి మీద కొట్టేసిన పేజీన్నర ఇక్కడ ఖర్చుపెట్టు.

"ఆ కాలపు యూదులు అనాగరికులు" అన్న ధోరణి నాలుగో పేజీలో తొంగిచూసింది. తీసెయ్యి. ఈ కథను తమ మీద తామే రాసుకుని దాచుకున్నది వాళ్లే. యూదు పండితుల ధర్మచర్చల సంకలనమైన తల్మూదులో మెగిల్లా భాగం, సమాజమందిరంలో ఏ భాగాలు చదవాలి, ఏవి జనభాషలోకి చెప్పాలి అని చర్చిస్తుంది. యాకోబు పెద్దకొడుకు రూబేను తన తండ్రి ఉపపత్నితో పడుకున్న సంగతి చదవవచ్చు, అనువదించకూడదంది. గిబియా కథ మాత్రం చదవాలి, అనువదించాలి కూడా. బెన్యామీను పరువు పోతుందని సందేహించవద్దంది. పరువు చూసుకున్నవాడు మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫసు. రోమన్ పాఠకుల కోసం తిరగరాస్తూ, లేవీయుడు ఆమెను తోసిన ఘట్టమే తీసేసి, పోకిరులే లాక్కుపోయినట్టు మార్చాడు. నువ్వు చేస్తున్నది తల్మూదు పనా, జోసీఫసు పనా అని ప్రతి పేజీ చివర చూసుకో.

ఆమెకు సంభాషణలు రాయకు. కథలో పేరు పెట్టడం, ఆఖరి మాటలు కల్పించడం నవలలో చెల్లుతుందేమో, వ్యాసంలో చెల్లదు. నీ పాఠకుల్లో ఇలాంటిది అనుభవించినవాళ్లు తప్పకుండా ఉంటారు. మొదటి పేరాలోనే విషయమేమిటో సూటిగా చెప్పు, చదవాలో వద్దో వాళ్లు తేల్చుకుంటారు. పేపర్లో వచ్చిన కేసులు తెచ్చి అతికించకు.

రెండో ప్రతి 1,200 పదాలు దాటనివ్వకు. మిస్పా సాక్ష్యంతో మొదలుపెట్టి 19కి వెనక్కి వెళితే అతను దాచిందేమిటో పాఠకుడే పట్టుకుంటాడు. ప్రతి వాక్యం పక్కన మార్జిన్లో వచన సంఖ్య వేసి పంపు. సంఖ్య వెయ్యలేని వాక్యాలు నీవి. అవి ఎన్నున్నాయో చూశాక మాట్లాడుకుందాం. యెఫ్తా కూతురి మీద మొదలుపెట్టానన్నావు, ఇది పూర్తయ్యేదాకా దాన్ని పక్కన పెట్టు.

ఇట్లు,
మీ అన్న